టెన్‌బీ పాత చర్చిలు, సమాధుల తోటలు: ఎలా చూడాలి, రాతి మీది రాతను ఎలా చదవాలి

బ్రిటన్‌లోని వేల్స్‌లో, కార్డిఫ్, స్వాన్సీల్లో ఉండే మనవాళ్ళు సెలవు దొరికితే అక్కడి తీరపు ఊరు టెన్‌బీ బీచ్‌కి వెళ్తారు. వెళ్ళేముందు గానీ వచ్చాక గానీ నన్ను అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఊరి మధ్యలో ఉన్న ఆ పెద్ద చర్చిలోకి మనల్ని రానిస్తారా? చెప్పులు విప్పాలా? సమాధుల మధ్య నడవొచ్చా? రాళ్ళ మీద ఏం రాశారో ఒక్క ముక్క అర్థం కావడం లేదు, ఎలా చదవాలి? ఈమధ్య ఇంకో ప్రశ్న కూడా వస్తోంది: ఒక రాతి మీద 'మద్రాస్' అని కనిపించింది, ఆ మనిషి ఎవరో తెలుసుకోవడం ఎలా?

అందుకే అన్నిటికీ ఒకేచోట రాస్తున్నాను. టెన్‌బీని ఉదాహరణగా తీసుకున్నాను గానీ వేల్స్ తీరంలో ఏ ఊరికైనా పద్ధతి ఇదే. ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. రాతి మీద చెక్కినదంతా నిజం కానక్కర్లేదు. చదవడం సగం పని, సరిచూసుకోవడం మిగతా సగం. చాలామంది మొదటి సగంతోనే ఆగిపోతారు.

ఏమేం కావాలి

- పూర్తిగా చార్జ్ చేసిన ఫోన్. కెమెరా ఉంటే ఇంకా మంచిది.
- చిన్న టార్చి. ఫోన్ లైటుతోనూ పని జరుగుతుంది గానీ, ఒక చేత్తో లైటు పట్టుకుని ఇంకో చేత్తో ఫొటో తీయాలంటే విడిగా టార్చి ఉండాలి.
- ఒక చేతి అద్దం. వెలుగును రాతి మీదకు మళ్ళించడానికి.
- మంచినీళ్ళు పోసిన స్ప్రే సీసా. నీళ్ళలో ఇంకేమీ కలపొద్దు.
- నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, అక్కడి వానకు ఇంకు కారిపోతుంది.
- జారని బూట్లు, రెయిన్‌కోట్. సముద్రపు గాలికి గొడుగు నిలవదు.

ఇంట్లో వదిలేయాల్సినవి కూడా ఉన్నాయి: చాక్‌పీసు, పిండి, షేవింగ్ ఫోమ్, వైర్ బ్రష్, బ్లీచ్. అక్షరాలు తెల్లగా కనిపించాలని వీటిని రాతికి పూసేవాళ్ళు ఉన్నారు. ఇంటర్నెట్‌లో ఆ వీడియోలు కూడా దొరుకుతాయి. దయచేసి వాటిని చూసి నేర్చుకోకండి. ఫోమ్‌లోని రసాయనాలు రాతి రంధ్రాల్లో మిగిలిపోయి రాతిని తినేస్తాయి. వైర్ బ్రష్ ఒక్కసారి గీస్తే, రెండు వందల ఏళ్ళ గాలీవానా చేయని నష్టం ఒక్క నిమిషంలో జరిగిపోతుంది. శాసనాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు తడి కాగితం పరిచి ఇంకు అద్ది నకలు తీసే పద్ధతి తెలిసే ఉంటుంది. అది కూడా అనుమతి లేకుండా అక్కడ చేయకూడదు.

1. ఏం చూడాలో వెళ్ళేముందే తేల్చుకోండి

ఒక రోజులో రెండు చోట్లకు మించి పెట్టుకోకండి. మీరు ఎంచుకోవడానికి ఇవీ:

సెయింట్ మేరీస్ చర్చి టెన్‌బీ పాత ఊరి నడిబొడ్డున ఉంటుంది. వేల్స్‌లోని మధ్యయుగపు పారిష్ (ఊరి) చర్చిల్లో పెద్దవాటిలో ఇదొకటి. దీని మొనదేలిన శిఖరం ఎత్తు 152 అడుగులు, సముద్రం మీద నుంచి కూడా కనిపిస్తుంది. కొన్ని భాగాలు 13వ శతాబ్దానివి, ఇప్పుడు మనం చూసేది ఎక్కువగా 15వ శతాబ్దపు పని. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టండి.

పెనాలీలోని సెయింట్ నికొలస్ చర్చి టెన్‌బీకి నైరుతిగా ఉంటుంది, రైల్లో తర్వాతి స్టేషనే. సుమారు వెయ్యేళ్ళ నాటి చెక్కుడు శిలువలు ఈ చర్చి లోపల ఉన్నాయి. రాతి మీద అల్లికలా సాగే ఆ గీతలు చూడటానికైనా వెళ్ళాలి.

కాల్డీ ద్వీపానికి టెన్‌బీ నుంచి పడవలో వెళ్ళాలి. 1929 నుంచి అక్కడ సిస్టర్షియన్ అనే క్రైస్తవ సంఘపు సన్యాసులు ఉంటున్నారు. పాత మఠానికి చెందిన సెయింట్ ఇల్టిడ్ చర్చిలో ఒక రాయి ఉంది. దాని అంచున ఓఘమ్ అనే ప్రాచీన గీతల లిపి, ముఖం మీద లాటిన్ రాత.

మానర్‌బియర్‌లో కోటకు ఎదురుగా లోయ అవతల సెయింట్ జేమ్స్ చర్చి ఉంటుంది. గమ్‌ఫ్రెస్టన్‌లోని సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలో మూడు నీటి ఊటలున్నాయి. ఈ రెంటికీ కారు ఉంటేనే సుఖం. మానర్‌బియర్‌కు రైలు స్టేషన్ ఉంది గానీ అది ఊరికి మైలు పైగా దూరం.

2. వేళ చూసుకోండి

ఇవి ఇప్పటికీ ఆరాధన జరిగే చర్చిలు. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, వారం మధ్యలో పెళ్ళి గానీ భూస్థాపన గానీ ఉండొచ్చు. చర్చి నోటీసు బోర్డులోనో, వెబ్‌సైట్‌లోనో సమయాలు చూసుకుని వెళ్ళండి. భూస్థాపన జరుగుతుంటే కెమెరా బయటకు తీయకుండా వెనక్కి వచ్చేయండి.

కాల్డీ పడవలు సాధారణంగా ఈస్టర్ నుంచి అక్టోబర్ దాకా, ఆదివారాలు కాక మిగతా రోజుల్లో నడుస్తాయి. సముద్రం ఉధృతంగా ఉంటే ఆపేస్తారు. శని, ఆదివారాలు ఖాళీ ఉన్నాయి కదా అని కాల్డీని ఆదివారానికి పెట్టుకున్నవాళ్ళు రేవు దాకా వెళ్ళి వెనక్కి రావాల్సి వస్తుంది. ఇది చాలా మందికి జరిగే పొరపాటు. వేసవిలో టెన్‌బీ పాత కోటగోడల లోపలి వీధుల్లోకి పగటిపూట కార్లను రానివ్వరు కాబట్టి బయటి పార్కింగ్‌లో ఆపి నడవాలి.

3. చర్చిలోకి వెళ్ళేటప్పుడు

ఎవరైనా వెళ్ళొచ్చు. మతం అడగరు, టికెట్ లేదు. తలుపు దగ్గర విరాళం పెట్టె ఉంటుంది, తోచినంత వేయండి. అంత పెద్ద పాత కప్పు కింద వాన కారకుండా చూసుకోవడానికి అయ్యే ఖర్చు ఎక్కువగా ఇలాంటి విరాళాల మీదే నడుస్తుంది.

చెప్పులు విప్పనక్కర్లేదు. మన ఊళ్ళలో చర్చి గుమ్మం దగ్గర చెప్పులు వదిలే అలవాటు ఉంది కాబట్టి చాలామంది తటపటాయిస్తారు. అక్కడ రాతి నేల ఐసులా ఉంటుంది, బూట్లతోనే వెళ్ళండి. మగవాళ్ళు మాత్రం టోపీ తీయాలి. ఫొటోలు వద్దని బోర్డు లేకపోతే తీసుకోవచ్చు, ఫ్లాష్ ఆపేయండి. ఎవరైనా కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే వాళ్ళు ఫ్రేములో పడకుండా చూడండి. బలిపీఠం చుట్టూ తాడు గానీ కమ్మీ గానీ ఉంటే దాటి లోపలికి వెళ్ళొద్దు.

నేల మీద కూడా సమాధి రాళ్ళుంటాయి. వాటి మీద నడిస్తే తప్పా అని అడుగుతారు. చర్చి నేలలో పరిచిన రాళ్ళ మీద అందరూ నడుస్తారు, తప్పేమీ లేదు. కాకపోతే హీల్స్ వేసుకుని వెళ్ళకండి, అరిగిపోయిన అక్షరాలను అవి ఇంకా అరగదీస్తాయి.

4. సెయింట్ మేరీస్ లోపల వీటిని వదలకండి

రాబర్ట్ రికార్డ్ స్మారకం. మనం బడిలో లెక్క చేసి చివర రెండు అడ్డగీతలు పెట్టి సమాధానం రాస్తాం కదా, ఆ 'సమానం' గుర్తును 1557లో అచ్చైన తన పుస్తకంలో మొదట వాడింది ఈయనే. రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి మరే రెండూ ఉండవు కాబట్టి వాటిని ఎంచుకున్నానని ఆ పుస్తకంలో కారణం కూడా రాశారు. పుట్టింది టెన్‌బీలో. లెక్కలు నేర్చుకున్న ప్రతి మనిషికీ ఈయనతో సంబంధం ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే ముందు ఇక్కడికే తీసుకెళ్ళండి.

కానీ ఒక హెచ్చరిక. ఇది ఆయన సమాధి కాదు. పరువు నష్టం దావాలో పెంబ్రోక్ ఎర్ల్ అనే ప్రభువు చేతిలో ఓడిపోయి, వెయ్యి పౌండ్లు కట్టలేక, 1558లో లండన్ సదక్‌లోని కింగ్స్ బెంచ్ జైల్లో చనిపోయారు. టెన్‌బీలో ఉన్నది ఎన్నో తరాల తర్వాత సొంత ఊరు పెట్టుకున్న జ్ఞాపకం మాత్రమే. గోడ మీద పలక ఉంటే మనిషి దాని కిందే ఉన్నాడనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. ఆయన పుట్టిన సంవత్సరం కూడా కొన్ని చోట్ల 1510 అనీ, కొన్ని చోట్ల 1512 అనీ కనిపిస్తుంది. ఆ కాలానికి పుట్టుక రిజిస్టర్లు లేవు. ఏది చూసినా 'సుమారు' అనే నోట్ చేసుకోండి.

థామస్ వైట్, జాన్ వైట్ సమాధులు. తండ్రీకొడుకులు, ఇద్దరూ టెన్‌బీ మేయర్లు. 1471లో ప్రాణభయంతో పారిపోతున్న కుర్రవాడు హెన్రీ ట్యూడర్‌ను, అతని బాబాయి జాస్పర్‌ను దాచి, పడవెక్కించి పంపినవాడు థామస్ వైట్. ఆ కుర్రవాడే 1485లో ఏడో హెన్రీ రాజయ్యాడు. ఆ పడవ ఆ రోజు కదలకపోతే ఇంగ్లండ్ చరిత్ర వేరేగా ఉండేది. అంత పెద్ద సంగతి ఈ చిన్న రేవు నుంచే జరిగింది.

మార్గరెట్ మెర్సర్ సమాధి. 1610లో చనిపోయిన ఈమె పడుకున్నట్టు, భర్త థామస్ ఆప్ రీస్ పక్కన మోకరిల్లినట్టు, కింద పిల్లలున్నట్టు చెక్కారు. 'ఆప్' అంటే ఫలానావాడి కొడుకు అని. ఇది ముందుముందు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

చివరగా తల పైకెత్తండి. బలిపీఠం వైపున్న చెక్క కప్పుకు చెక్కిన గుబ్బలున్నాయి. 12-13 శతాబ్దాల రచయిత గెరాల్డ్ ఆఫ్ వేల్స్ ఈ టెన్‌బీకి రెక్టర్‌గా (చర్చి బాధ్యుడిగా) ఉన్నవాడే. ఆయన పుట్టింది పక్కనున్న మానర్‌బియర్ కోటలో.

5. సమాధుల తోటలో అడుగు పెట్టే ముందు

శ్మశానం అంటే మైల అనుకునే ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం చాలామందిమి. పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అని టెన్షన్ పడతాం. అక్కడ చర్చి ఆవరణ ఊరి దారిలో భాగం. పనికి వెళ్ళేవాళ్ళు దానిగుండానే నడుస్తారు, బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నం తిండి తింటారు. మీరు వెళ్ళడం ఎవరికీ వింతగా ఉండదు. ఇంటికొచ్చాక స్నానం చేయడం, చేయకపోవడం మీ ఇష్టం.

అసలు జాగ్రత్త వేరే ఉంది. పాత నిలువు రాళ్ళు వందల కిలోల బరువుంటాయి, కింద మట్టి గుల్లబారి ఉంటుంది. వాటిని పట్టుకోవద్దు, ఆనుకోవద్దు, పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. బల్లలాంటి పెట్టె సమాధుల పక్క పలకలు కూడా ఊడి పడుతుంటాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం పిల్లల్ని గట్టిగా హెచ్చరించండి.

రాతి మీద పసుపు, బూడిద రంగు మచ్చల్లా పెరిగేవి లైకెన్లు. మురికి కాదు. అవి ఏడాదికి ఒక మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో పెరుగుతాయి. అరుదైన రకాలకు బ్రిటన్‌లో పాత చర్చి ఆవరణలే ఆశ్రయం. గోకకండి. కుంకుమ, అగరొత్తులు, కర్పూరం, కొవ్వొత్తులు పెట్టకండి. ఎవరో పెట్టిన పూలను జరపకండి. రాయి ఆ కుటుంబం వారసుల ఆస్తి. దాన్ని శుభ్రం చేయాలన్నా వాళ్ళ అనుమతి, చర్చి అనుమతి ఉండాలి.

అనుమతి ఎవరినడగాలి? వేల్స్‌లో 1920 నుంచి చర్చి ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోయి 'చర్చ్ ఇన్ వేల్స్' అయింది. టెన్‌బీ సెయింట్ డేవిడ్స్ డయోసిస్ (ఒక బిషప్ పరిధి) కిందకు వస్తుంది. ముందుగా స్థానిక వికార్‌కు, అంటే చర్చి పాస్టరుకు, ఒక ఈమెయిల్ రాయండి. చాపెల్స్ అనే ప్రార్థనా మందిరాలైతే వేరే క్రైస్తవ సంఘాలవి, వాటి రికార్డులూ వేరుగా ఉంటాయి.

6. వెలుగు కోసం చూడండి

రాత చదవలేకపోవడానికి పది కారణాల్లో తొమ్మిది వెలుగువే. ఎండ రాతి ముఖం మీద నేరుగా పడితే అక్షరాల గుంటల్లో నీడ పడదు, రాయి బోసిగా కనిపిస్తుంది. వెలుగు పక్కనుంచి, రాతిని రాసుకుంటూ పోయేలా పడాలి.

క్రైస్తవ సమాధుల్లో తల పడమరకు, కాళ్ళు తూర్పుకు ఉంటాయి. అందుకని రాతి ముఖం తూర్పుకో పడమరకో ఉంటుంది. టెన్‌బీలో వేసవి గడియారం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గానీ సూర్యుడు దక్షిణానికి రాడు. కాబట్టి తూర్పు ముఖం రాళ్ళకు పదకొండున్నర నుంచి ఒంటిగంట వరకు, పడమర ముఖం రాళ్ళకు ఒకటిన్నర నుంచి మూడు వరకు వెలుగు పక్కనుంచి దొరుకుతుంది. ఉదయాన్నే వెళ్ళి తూర్పు ముఖాన్ని ఫొటో తీస్తే ఏమీ కనిపించదు. చాలామంది సరిగ్గా ఆ వేళకే వెళ్తారు.

మబ్బు పట్టిందా? అక్కడ మబ్బు లేని రోజే తక్కువ. అప్పుడు టార్చిని రాతి అంచుకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, మొత్తం మూడు ఫొటోలు తీయండి. ఒక దాంట్లో కనిపించని గీత ఇంకోదాంట్లో తేలుతుంది. ఎండ ఉన్నా రాయి నీడలో ఉంటే, ఇంకొకరు కొంచెం దూరంలో అద్దం పట్టుకుని ఎండను పక్కనుంచి మళ్ళించాలి.

ఇవేవీ పనిచేయకపోతే నీళ్ళు సన్నగా స్ప్రే చేసి రెండు నిమిషాలు ఆగండి. ముఖం ముందు ఆరి, గుంటల్లో తడి మిగిలినప్పుడు అక్షరాలు నల్లగా కనిపిస్తాయి. పొరలుగా ఊడుతున్న రాయికి, గడ్డకట్టే చలిలో మాత్రం నీళ్ళు కూడా వద్దు. పొరల్లో చేరిన నీరు గడ్డకట్టి రాతిని చీలుస్తుంది.

రాయి రకం కూడా చూడండి. పలకరాయి మీద చెక్కినది రెండు వందల ఏళ్ళైనా కత్తితో గీసినట్టే ఉంటుంది. సున్నపురాయి, ఇసుకరాయి సముద్రపు ఉప్పుగాలికి త్వరగా మెత్తబడతాయి. ఓపిక తక్కువ ఉంటే పలకరాళ్ళతో మొదలుపెట్టండి.

7. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

ఫొటోలు తీశాను కదా అని ఊరుకోవద్దు. అక్కడే నిలబడి పెన్సిల్‌తో వరస వరసగా రాయండి. వరస ఎక్కడ విరిగితే మీరూ అక్కడే విరవండి. అక్షరం అనుమానమైతే దాని కింద గీత పెట్టండి, అసలు కనిపించకపోతే చుక్క పెట్టండి. ఊహించి పూరించొద్దు. ఇంటికొచ్చాక మీ ఊహ ఏదో, రాయి ఏదో మీకే గుర్తుండదు.

అంకెల్లో ఎక్కువ మోసపోయేది 3, 8 దగ్గర, 1, 7 దగ్గర. పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం, వయసు మూడూ ఉంటే అక్కడే కూడి చూడండి. కుదరకపోతే రాతి దగ్గరకు మళ్ళీ వెళ్ళండి.

రాయి మొత్తం కనిపించేలా ఒక ఫొటో, చుట్టుపక్కల రాళ్ళతో కలిపి ఒకటి తప్పకుండా తీయండి. మొదటిది మాత్రమే ఉంటే ఆ రాయి తోటలో ఎక్కడుందో ఆరు నెలల తర్వాత మీరే చెప్పలేరు.

8. రాతను విప్పడం

టెన్‌బీలో వేల్స్ భాష కోసం వెతికి నిరాశపడకండి. టెన్‌బీ ఉన్న దక్షిణ పెంబ్రోక్‌షైర్‌లో వందల ఏళ్ళుగా ఇంగ్లీషే మాట్లాడతారు. దీన్ని 'వేల్స్ అవతలి చిన్న ఇంగ్లండ్' అంటారు. రాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషులో, బాగా పాతవి లాటిన్‌లో ఉంటాయి. ఉత్తరంగా ఫిష్‌గార్డ్, కార్డిగన్ వైపు వెళ్తే వేల్స్ భాష మొదలవుతుంది.

ఇంగ్లీషు రాళ్ళ మీద తికమక పెట్టేవి ఇవి. పాత చెక్కుడులో మాట మధ్య 'ఎస్' అక్షరం పొడవుగా 'ఎఫ్'లా కనిపిస్తుంది. 'రెలిక్ట్' అంటే విధవ, అంటే భర్త ముందే పోయాడని అర్థం. 'ఆల్సో' అని మొదలైతే అదే సమాధిలో ఇంకొకరు ఉన్నారని. లాటిన్‌లో 'ఒబీట్' అంటే చనిపోయారు, 'ఏటాటిస్' పక్కన అంకె వయసు.

వేల్స్ భాష రాళ్ళకు ఈ నాలుగు గుర్తుపడితే చాలు. ఇ-ఆర్, సి-ఓ-ఎఫ్, ఎ-ఎమ్ అని మూడు మాటలుంటే 'జ్ఞాపకార్థం'. బి-యు, ఎఫ్-ఎ-ఆర్-డబ్ల్యూ అంటే 'చనిపోయారు'. ఎమ్-ఎ-బి కొడుకు, ఎమ్-ఇ-ఆర్-సి-హెచ్ కూతురు. నెలల్లో ఒక ఉచ్చు ఉంది: జూన్‌కు 'మెహెవిన్', సెప్టెంబర్‌కు 'మెది'. రెండూ ఎమ్-ఇ తోనే మొదలవుతాయి. చివర అరిగిపోయి ఎమ్-ఇ మాత్రమే మిగిలితే జూన్ అని రాసేయకండి, రిజిస్టర్ చూసేదాకా ఖాళీగా ఉంచండి.

1752కి ముందు తేదీల దగ్గర ఆగి ఆలోచించండి. అప్పటిదాకా ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రాతి మీద 1730 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1731. ఆగస్టు 1730లో బాప్తిస్మం పొందిన బిడ్డ ఫిబ్రవరి 1730లో చనిపోయినట్టు కనిపిస్తే చెక్కినవాడి తప్పు కాదు. కొన్నిచోట్ల 1730/1 అని రెండూ రాస్తారు. మీరూ అలాగే రాసుకోండి.

9. సరిచూసుకోవడం

ముందు రాతినే అడగండి. ఒకే రాతి మీద 1790లో ఒకరు, 1835లో ఇంకొకరు ఉన్నారనుకోండి. రెండు పేర్ల అక్షరాల తీరు, లోతు, వరసల దూరం అచ్చం ఒకేలా ఉంటే అది రెండోవారు పోయాక ఒకేసారి చెక్కినది. అంటే మొదటి తేదీ నలభై అయిదేళ్ళ తర్వాత ఎవరి జ్ఞాపకం నుంచో వచ్చింది. దాన్ని అంతగా నమ్మకండి. అక్షరాలు తేడాగా ఉంటే ఎప్పటిది అప్పుడే చెక్కారు, నమ్మకం ఎక్కువ.

తర్వాత భూస్థాపన రిజిస్టర్. పారిష్ రిజిస్టర్లు పెట్టాలని 1538లో ఆజ్ఞ వచ్చింది, కానీ చాలాచోట్ల తొలి పుస్తకాలు మిగల్లేదు. 1813 నుంచి అచ్చు ఫారాల్లో పేరు, నివాసం, తేదీ, వయసు రాశారు. దానికి ముందు చాలాసార్లు పేరు, తేదీ మాత్రమే. టెన్‌బీ ప్రాంతపు రికార్డులకు హేవర్‌ఫర్డ్‌వెస్ట్‌లోని పెంబ్రోక్‌షైర్ ఆర్కైవ్స్, అబరిస్ట్విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ రెండు పెద్ద చోట్లు.

ఇక్కడ అందరూ తడబడేది ఒకటి: రాతి మీద ఉండేది చనిపోయిన తేదీ, రిజిస్టర్‌లో ఉండేది పూడ్చిన తేదీ. మూడు నాలుగు రోజుల తేడా ఉండటమే సరైన లక్షణం. రిజిస్టర్ తేదీ రాతి తేదీకి ముందుంటే మాత్రం ఎక్కడో తప్పు చదివారు.

1837 జూలై తర్వాతి మరణాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది. జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సూచికను ఖాతా తెరిచి ఉచితంగా వెతకొచ్చు, అందులో వయసు కూడా ఉంటుంది. నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో 1858కి ముందటి వేల్స్ వీలునామాలు, 1919 వరకు పాత పత్రికలు ఉచితం. సైనికుల సమాధులకు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా, కట్టడాల వివరాలకు 'కోఫ్లైన్' అనే వెబ్‌సైట్ చూడండి.

పేరు కలిసింది కదా అని సంబరపడకండి. వేల్స్‌లో జోన్స్, డేవిస్, విలియమ్స్, ఎవన్స్ పేర్లు అడుగడుగునా ఉంటాయి. 'ఆప్ రీస్' ప్రైస్‌గా, 'ఆప్ హవెల్' పవెల్‌గా స్థిరపడేసరికి ఇంటిపేర్ల సంఖ్యే తగ్గిపోయింది. అందుకే రాతి మీద ఇంటి పేరో పొలం పేరో ఉంటుంది. మన పల్లెల్లో ముగ్గురు సుబ్బారావులుంటే ఫలానా ఇంటి సుబ్బారావు అని చెప్పుకున్నట్టే. పేరు, తేదీ, నివాసం మూడూ కలిస్తేనే 'దొరికింది' అని రాసుకోండి. రెండే కలిస్తే 'కావచ్చు'.

రాయి లేని సమాధులే ఎక్కువ అని కూడా తెలుసుకోండి. రాయి డబ్బున్నవాళ్ళది. సముద్ర తీరంలో ఇంకో సంగతి ఉంది: ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలను చర్చి ఆవరణలో పూడ్చాలని 1808లో చట్టం వచ్చింది. అప్పటినుంచి తీరపు రిజిస్టర్లలో పేరు లేని నావికుల నమోదులు కనిపిస్తాయి. రాయి కోసమే వెతికితే వీళ్ళు మీకు ఎప్పటికీ దొరకరు. రిజిస్టర్ చదివేటప్పుడు ఆ వరసలను దాటేయకండి, ఆ తేదీకి దగ్గర్లోని పత్రికలో ఓడ పేరు ఉండే అవకాశం ఉంది.

10. రాతి మీద 'మద్రాస్' కనిపిస్తే

తీరపు పట్టణాల్లో ఈస్టిండియా కంపెనీ డబ్బు బాగానే పారింది. టెన్‌బీని 19వ శతాబ్దం మొదట్లో సముద్ర స్నానాల ఊరుగా తీర్చిదిద్దిన సర్ విలియం పాక్స్‌టన్ సంపాదించింది కలకత్తాలో. వేల్స్‌లోనే, తీరానికి దూరంగా రెక్స్‌హమ్‌లో, సెయింట్ జైల్స్ చర్చి ఆవరణలో ఉన్నది మద్రాసు సెయింట్ జార్జి కోట అధ్యక్షుడిగా చేసి 1721లో చనిపోయిన ఎలిహు యేల్ సమాధి. యేల్ యూనివర్సిటీకి ఆ పేరు ఈయనదే.

ఇలాంటి పలకల మీద హెచ్-ఇ-ఐ-సి-ఎస్ అంటే కంపెనీ కొలువు, ఎమ్-ఎన్-ఐ అంటే మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ, కంపెనీ సిపాయిల కాల్బలం. మసులిపటమ్, వైజాగపటమ్, ఎల్లూర్ అని ఉంటే మచిలీపట్నం, విశాఖపట్నం, ఏలూరు అని చదువుకోండి. అక్కడ చనిపోయినట్టు రాస్తే ఆ మనిషి దేహం వేల్స్‌లో ఉండే అవకాశం దాదాపు లేదు, గోడ మీదిది జ్ఞాపక పలక మాత్రమే. అసలు నమోదు కోసం లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ భూస్థాపన నమోదులు వెతకాలి. 1976లో మొదలైన బాక్సా అనే సంస్థ దక్షిణాసియాలోని యూరోపియన్ సమాధుల వివరాలు సేకరిస్తోంది. ఊరు మన జిల్లాల్లోదైతే, సెలవుకు ఇంటికొచ్చినప్పుడు అక్కడి పాత సమాధుల తోటకు వెళ్ళి రాయి ఉందో లేదో చూడండి. పైన చెప్పిన వెలుగు పద్ధతే పనిచేస్తుంది, కాకపోతే మన దగ్గర నడిమధ్యాహ్నం ఎండ నెత్తిన ఉంటుంది కాబట్టి మీద నుంచి పడే వెలుగుకు అడ్డగీతలే బాగా తేలతాయి, నిలువు గీతలకు టార్చి పక్కనుంచి వేయాలి.